ఓవర్‌వాచ్ ఆడితే వచ్చే ఊపు చూస్తే ఎందుకు రాదు?

కోడిపుంజు77
చాలా రోజుల్నుంచి ఈ ప్రశ్న బుర్ర తినేస్తోంది. ఓవర్‌వాచ్ (రెండు టీమ్‌లు రకరకాల శక్తులున్న హీరోలతో కొట్టుకునే కంప్యూటర్ ఆట) 2016లో వచ్చినప్పటి నుంచీ ఆడుతున్నా. ఆడేటప్పుడు గుండె దడదడలాడిపోతుంది. అదే ఆటని పెద్ద టీమ్‌లు ఆడుతుంటే చూద్దామని కూర్చుంటే కాసేపటికే ఫోన్ చేతిలోకి వచ్చేస్తుంది. నిన్న రాత్రి ఓవర్‌వాచ్ ప్రొఫెషనల్ లీగ్ పాత మ్యాచ్‌లు పెట్టుకున్నా. తెర నిండా మెరుపులు, రంగురంగుల షీల్డులు, ఒకడు ఎగురుతున్నాడు, ఇంకొకడు పేలుతున్నాడు, కామెంటేటర్లు గొంతు చించుకుంటున్నారు. ఏంటా అని చూసేలోపే ఫైట్ అయిపోయింది. పైన మూలలో ఎవరు ఎవర్ని చంపారో వచ్చే పట్టీ చూస్తే గానీ ఎవరిది పైచేయో తెలీలేదు.

ఇన్నేళ్ళు ఆడిన నాకే ఇలా ఉంది. కౌంటర్‌స్ట్రైక్ (సీఎస్) అనే తుపాకీల ఆట నేను ముట్టుకోనే లేదు, అయినా దాని మ్యాచ్ వస్తే కన్నార్పకుండా చూస్తా. టీమ్ ఆటల్లో కొన్ని చూడ్డానికి పుట్టినవి, కొన్ని ఆడుకోడానికే పుట్టినవి అంటారా? లేక చూపించే పద్ధతిలోనే లోపముందా?

బంతిచాలు
లోపం ఆటలోనే. ఆ లీగ్ మ్యాచ్‌ల్లో పన్నెండు మంది పన్నెండు పనులు చేస్తుంటే ఎవర్ని చూడాలి? కార్లతో బంతిని గోల్‌లోకి కొట్టే రాకెట్ లీగ్ చూడు. బంతి ఎక్కడుంటే కన్ను అక్కడ.

స్మోక్‌లోంచి
సీఎస్ ఎందుకు కన్నార్పనివ్వదో చెప్తా. అందులో చూసేవాడు పట్టుకోవాల్సినవి మూడే. బాంబు పెట్టారా, ఎంతమంది మిగిలారు, టైమ్ ఎంతుంది. ఒక టీమ్ బాంబు పెట్టాలి, రెండోది అది పేలకుండా తీసేయాలి. బాంబు పెట్టాక పేలడానికి 40 సెకన్లు. తీసేవాడి దగ్గర దానికి పనికొచ్చే కిట్ ఉంటే 5 సెకన్లు పడుతుంది, లేకపోతే 10. చచ్చినవాడు ఆ రౌండ్‌లో మళ్ళీ రాడు. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే చాలు, మా ఇంట్లో గేమ్ అంటేనే మొహం చిట్లించేవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు.

ఇద్దరే మిగిలిన రౌండ్ తీసుకోండి. బాంబు టిక్కుటిక్కుమంటోంది. తీయాల్సినవాడు దాని మీద చెయ్యి వేస్తాడు. ఆ చప్పుడు మూల దాక్కున్నవాడికి వినిపిస్తుంది. వెంటనే చెయ్యి తీసేసి తుపాకీ ఆ మూలకి తిప్పుతాడు. వాడు రాడు. మళ్ళీ చెయ్యి వేస్తాడు. ఇప్పుడు నిజంగా తీస్తున్నాడా, మళ్ళీ ఉత్తుత్తిదేనా? దాక్కున్నవాడికి తెలీదు. మనకి మాత్రం గోడల్లోంచి ఇద్దరూ కనిపిస్తుంటారు. గడియారం ఆరు సెకన్ల దగ్గరుంది, కిట్ ఉన్నా ఇప్పుడు మొదలెట్టకపోతే ఇక తీయలేడు. ఆ ఆరు సెకన్లలో ఎవరూ ఒక్క తూటా కూడా పేల్చరు. హాలంతా లేచి నిలబడుతుంది.

ఓవర్‌వాచ్‌లో తూటాలు ఆగవు, అందుకే ఊపిరి బిగబట్టే సందే ఉండదు.

మెయిన్_హీలర్
పై పోస్టులో చివరి వాక్యం ఒప్పుకోను. ఓవర్‌వాచ్‌లోనూ ఆ సందు ఉంది. అది ఎక్కడుందో కామెంటేటర్లు చూపించరు, అంతే.

ఉదాహరణకి జార్యా అనే హీరో దగ్గర గ్రావిటన్ అనే అల్ట్ (ఆడుతుంటే మెల్లగా నిండే పెద్ద శక్తి, ప్రతి హీరోకీ ఒకటుంటుంది) సిద్ధంగా ఉంది. అది పడిందంటే అవతలి టీమ్ మొత్తం ఒక గుండ్రటి సుడిలోకి లాగేసుకుపోతుంది, మీద హాంజో అనే ఇంకో హీరో డ్రాగన్లు వదిలితే ఫైట్ అక్కడితో సరి. ఈ సంగతి ఇరు పక్షాలకీ తెలుసు. అవతల డీవా అనే హీరోని ఆడేవాడి పనల్లా ఒక్కటే: ఆ గ్రావిటన్ జార్యా చేతిలోంచి బయటికొచ్చి నేలకి తగిలేలోపు డిఫెన్స్ మ్యాట్రిక్స్ (ఎదురొచ్చేవాటిని మింగే తెర) అడ్డుపెట్టి మింగేయాలి. మ్యాట్రిక్స్ ఎంతసేపంటే అంతసేపు ఉండదు, తెరిచి ఉంచితే అయిపోతుంది. అందుకే జార్యా ఆడేవాడు ఊరికే ముందుకొస్తాడు, వెనక్కెళ్తాడు, ఇంకో దారిలో కనబడతాడు. డీవా మ్యాట్రిక్స్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుక్కూర్చుంటాడు. మీరు చెప్పిన బాంబు ఆట కూడా ఇదే కదా? ఒకడు ఊరించడం, ఇంకొకడు ఓపిక పట్టడం.

డీవా దాన్ని మింగిన క్షణంలో తెర మీద పేలుడేమీ ఉండదు. మెరుపు లేదు, చావు లేదు. జరగాల్సింది జరగలేదు, అంతే. తెలిసినవాళ్ళం ఇంట్లో కేకలు పెడతాం, పక్కనున్నవాళ్ళు ఏమైందని అడుగుతారు.

చూసేవాడు_మాత్రమే
నేను ఏ ఆటా ఆడను, చూస్తానంతే. మెయిన్_హీలర్ గారు చెప్పింది చదువుతుంటే నిజంగా ఒళ్ళు పులకరించింది. కానీ అది చదివితే పులకరించింది, చూసినప్పుడు కాదు. సీఎస్‌లో బాంబు అంటే ఎవరూ చెప్పక్కర్లేదు, పేలుతుందని పుట్టినవాడికల్లా తెలుసు. గ్రావిటన్ ఏంటో, మ్యాట్రిక్స్ ఏంటో, ఎవరిది ఎవరు మింగగలరో నాకు ఎవరు చెప్పాలి? ముప్పైకి పైగా హీరోలున్న ఆట అది.

రాత్రిపిట్ట
క్రికెట్ తెలీనివాడికి ఎల్బీడబ్ల్యూ చెప్పి చూడండి. ప్రతి ఆటకీ కొంత నేర్చుకోవాలి. ఓవర్‌వాచ్‌నే ఎందుకు బోనెక్కిస్తారు?

స్మోక్‌లోంచి
@రాత్రిపిట్ట ఎల్బీడబ్ల్యూ దగ్గర ఆట ఆగుతుంది బాస్. అప్పీలు, అంపైర్ వేలు, రీప్లే, బంతి ఎక్కడ పడింది, ఎటు వెళ్ళేది... తెలీనివాడికి తెలుసుకునే టైమ్ దొరుకుతుంది. ఇక్కడ డీవా మింగిన మరుక్షణం ఇంకో మూడు అల్ట్‌లు పడిపోతాయి.

మెయిన్_హీలర్
ఫైట్ అయ్యాక చచ్చినవాళ్ళు మొదటి గదిలో పుట్టి మళ్ళీ పాయింట్ (రెండు టీమ్‌లూ పట్టుకోవాల్సిన చోటు) దాకా నడిచి రావాలి కదా, ఆ టైమ్‌లో ఏం చూపిస్తున్నారు? నడక! రీప్లేకి అంతకన్నా మంచి టైమ్ ఏముంటుంది? డీవా మింగింది నెమ్మదిగా చూపించి "ఇది పడి ఉంటే ఆరుగురూ పోయేవాళ్ళు" అని ఒక్క మాట చెప్తే చాలు.

పాతకాపు
కెమెరా సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా. ఆన్‌లైన్‌లో జరిగిన చిన్న టోర్నీలకి కెమెరా తిప్పాను. అబ్జర్వర్ అంటారు. డబ్బులేం రావు, ఇష్టం కొద్దీ చేసే పని.

అప్పట్లో పన్నెండు మందికి పన్నెండు మీటలు. మీట నొక్కితే ఆ ఆటగాడి కంట్లోకి వెళ్తాం. ఇప్పుడు ట్రేసర్ అనే హీరో కంట్లో ఉన్నామనుకోండి. వాడు కన్ను మూసి తెరిచేలోపు మూడుసార్లు మాయమై మూడు చోట్ల తేలతాడు. ఆడేవాడికి ఎటు పోతున్నాడో ముందే తెలుసు కాబట్టి బాగుంటుంది. చూసేవాడికి కళ్ళు తిరుగుతాయి. పోనీ పైనుంచి చూపిద్దామంటే టీమ్ మొత్తం కనిపిస్తుంది గానీ గురి, చేతివాటం కనపడవు. బొమ్మలు కొట్టుకుంటున్నట్టు ఉంటుంది.

ఇంకో చిక్కు ఏంటంటే, ఫైట్ గెలిపించే దెబ్బ మొదటి రెండు సెకన్లలోనే పడుతుంది. హీలర్ (తోటివాళ్ళని నయం చేసేవాడు) మొదట పోతే మిగతాదంతా లాంఛనమే. ఆ మొదటి దెబ్బ ఎవరు కొడతారో నేను ముందే కనిపెట్టి ఆ మీట మీద వేలు పెట్టుకుని ఉండాలి. సగం సార్లు నేను రైన్‌హార్ట్ అనే హీరో సుత్తి చూపిస్తుంటే వెనక సందులో అసలు పని జరిగిపోయేది. సీఎస్‌లో కూడా అబ్జర్వర్‌కి చావులు తప్పిపోతాయి. కానీ అక్కడ ఒకటి పోయినా తర్వాతది అందుకునే టైమ్ ఉంటుంది.

కాబట్టి కోడిపుంజు అడిగినదానికి నా జవాబు: లోపం రెండు వైపులా ఉంది, కాకపోతే కెమెరా వైపు ఉన్నది సరిచేసుకోవచ్చు. 2018లో లీగ్ మొదలైనప్పుడు చాలా చేశారు కూడా. టీమ్‌కో రంగు ఇచ్చారు, తూటాలకీ దెబ్బలకీ కూడా ఆ రంగే. అంతకుముందు రెండు వైపులా ఒకే హీరో ఉంటే ఎవడు ఎవడో ఆ దేవుడికే తెలియాలి.

అమ్మకిచెప్పకు
పాతకాపు అన్నా, వెనక సందులో జరిగిన ఆ పని చేసింది నేనే. నా జీవితంలో కొట్టిన ఒకే ఒక్క మంచి దెబ్బ, నువ్వు సుత్తి చూపిస్తూ కూర్చున్నావు 😀

పాతకాపు
ఇంకో టోర్నీ ఆడు తమ్ముడూ, నీ మీట మీంచి వేలు తీయను.

బంతిచాలు
ఇంత కష్టం ఎందుకని అడుగుతున్నా. రాకెట్ లీగ్‌లో అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, ఒక బంతి, 5 నిమిషాలు. గడియారం సున్నా కొట్టినా బంతి నేలకి తగిలేదాకా ఆట ఆగదు. ఈ ఒక్క రూల్ చూసేవాళ్ళ కోసమే పెట్టారా అనిపిస్తుంది. 2018 జూన్, లండన్, ప్రపంచ ఫైనల్. డిగ్నిటాస్ మీద ఎన్‌ఆర్‌జీ ఒక గోల్ వెనకుంది. గడియారం సున్నా. బంతి ఇంకా గాల్లోనే ఉంది. జస్టిన్ అనే కుర్రాడు ఎగిరి కొట్టాడు, స్కోరు సమం! కారు తోలడం రాని మా తాతయ్యకి చూపించినా అర్థమైంది, ఇంకోసారి వెయ్యమన్నాడు.

చివరికి కప్పు డిగ్నిటాస్‌కే వెళ్ళింది, అది వేరే సంగతి.

కోడిపుంజు77
అందరూ బాగా చెప్తున్నారు. పాతకాపు అన్న చెప్పిన మొదటి రెండు సెకన్ల సంగతి నాకు బాగా తగిలింది. నేను ఫైట్ మధ్యలోనో చివర్లోనో చూడ్డం మొదలెడుతున్నా, అసలు కథ అప్పటికే అయిపోయి ఉంటోంది.

కానీ ఒకటి. నేను నిన్న చూసినవి 2019 మొదట్లోవి. అన్నీ గోట్స్ అనే వ్యూహంతో ఆడిన మ్యాచ్‌లే. ముగ్గురు ట్యాంకులు (దెబ్బలు కాచే హీరోలు), ముగ్గురు హీలర్లు, రెండు గోడలు వచ్చి గుద్దుకుంటాయి. ఒకడికి దెబ్బ తగిలితే ముగ్గురు కలిసి నయం చేసేస్తారు. ఎవడూ చావడు. దీన్ని ఏ కెమెరా కాపాడుతుంది?

రాత్రిపిట్ట
గోట్స్ చూసి ఓవర్‌వాచ్ బాగోలేదంటే ఎలా? అందుకే కదా ఆ ఏడాది జులైలో ఇద్దరు ట్యాంకులు, ఇద్దరు దాడి, ఇద్దరు హీలర్లు ఉండి తీరాలని రూల్ పెట్టింది.

నిశి_ఎస్
గోట్స్‌ని తిట్టేవాళ్ళంతా ఒకసారి ఆగండి. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చిన కాలం అదే.

ఎవడూ చావడు కాబట్టే ఎవడైనా చస్తే అది పెద్ద విషయం. అందరూ ఒకే ఆరుగురు హీరోలతో ఆడేవాళ్ళు, కాబట్టి "వాళ్ళ హీరో బాగుంది" అనే సాకు లేదు. రైన్‌హార్ట్ డాలు దించే అర సెకను, బ్రిజిట్ దూకే టైమింగ్, ఆరుగురూ ఒకేసారి ఒకే మనిషి మీద పడటం. శాన్‌ఫ్రాన్సిస్కో షాక్ 2019 స్టేజ్ 2లో లీగ్ మ్యాచ్‌ల్లో 28 మ్యాప్‌లు (మ్యాచ్‌లో ఒక్కో ఆటస్థలం మీద ఆడే ఆట ఒక మ్యాప్) ఆడి 28 గెలిచింది. అదే ఆరుగురు హీరోలతో మిగతా టీమ్‌లు ఆడుతుంటే వీళ్ళు మాత్రం ఒక్క మ్యాప్ కూడా వదల్లేదు. అది చూస్తే కలిసి ఆడటం అంటే ఏంటో తెలుస్తుంది. టీమ్ ఆట చూడ్డానికి వచ్చి ఒక్కడి గురి కోసం ఏడవడం ఎందుకు?

స్మోక్‌లోంచి
నిశి, నువ్వు చెప్పేది కోచ్‌కి కనిపించే అందం. చూసేవాడికి గురి కావాలి, ఒక్కడు నలుగుర్ని కూల్చడం కావాలి. 2016లో సీఎస్ మేజర్ అనే పెద్ద టోర్నీలో కోల్డ్‌జెరా అనే ఆటగాడు గెంతుతూ స్నైపర్‌తో కొట్టిన దెబ్బకి ఆ మ్యాప్‌లోనే గుర్తుగా బొమ్మ వేశారు. గోట్స్‌లో దేనికి బొమ్మ వేస్తారు, సమన్వయానికా?

నిశి_ఎస్
వేస్తే నేనే మొదట దండం పెడతా.

చూసేవాడు_మాత్రమే
మీరందరూ ఆట లోపల్నుంచి మాట్లాడుతున్నారు. నాకు ఓవర్‌వాచ్ ఎక్కడ ఎక్కిందో చెప్తా, అందులో గ్రావిటన్ లేదు, మ్యాట్రిక్స్ లేదు.

షాంఘై డ్రాగన్స్ అనే టీమ్. 2018లో లీగ్ మొదటి సీజన్‌లో 40 మ్యాచ్‌లు ఆడారు. నలభైకి నలభై ఓడారు. మధ్యలో కొత్త ఆటగాళ్ళని తెచ్చారు, లీగ్‌లో తొలి మహిళా ఆటగాడు గెగురి కూడా అప్పుడే చేరింది. అయినా ఓటమే. రెండో సీజన్ మొదలైంది, మళ్ళీ రెండు ఓడారు. అప్పుడు 2019 ఫిబ్రవరిలో బోస్టన్ అప్‌రైజింగ్ మీద గెలిచారు. ఆ మ్యాచ్ నేను చూశా. ఏ హీరో ఏం చేస్తున్నాడో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. హాల్లో జనం మాత్రం కప్పు గెలిచినట్టు లేచి అరుస్తున్నారు, అవతలి టీమ్ అభిమానులతో సహా. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత వాళ్ళని వదల్లేదు. వాళ్ళ కోసమే ఎవరు ట్యాంకు, ఎవరు హీలర్ అని ఒక్కొక్కటే నేర్చుకున్నా. 2021లో అదే షాంఘై ఫైనల్‌లో అట్లాంటా రెయిన్‌ని 4-0తో ఓడించి ఛాంపియన్ అయింది. ఆ రోజు తెర మీద మెరుపులు ఏవీ నాకు అడ్డం రాలేదు, ఎటు చూడాలో నాకు తెలుసు.

అందుకే కోడిపుంజు గారూ, మీరు ఎవరి వైపు ఉండి చూస్తున్నారు? ఎవరి వైపూ లేకపోతే ఏ ఆటైనా మెరుపులే.

మెయిన్_హీలర్
ఇది చదివాక ఆ బోస్టన్ మ్యాచ్ మళ్ళీ వెతికి పెట్టుకున్నా. పనులన్నీ పక్కన పెట్టేశా.

పాతకాపు
చూసేవాడు చెప్పింది డోటా అనే ఇంకో టీమ్ ఆటకీ అంతే వర్తిస్తుంది. డోటా ఓవర్‌వాచ్‌కన్నా వంద రెట్లు కష్టం చూడ్డానికి. వందకి పైగా హీరోలు, ఒక్కోటి నలభై నిమిషాలు. అయినా దాని అతిపెద్ద టోర్నీ ఇంటర్నేషనల్ 2018 ఫైనల్ నాకు మతి పోగొట్టింది. టోర్నీకి కొన్ని నెలల ముందు ఓజీ టీమ్‌ని ఇద్దరు ఆటగాళ్ళు వదిలి వెళ్ళిపోయారు. కోచ్‌గా ఉన్న సెబ్ తానే ఆటలోకి దిగాడు. అందరితో పాటు ఓపెన్ క్వాలిఫయర్ ఆడి లోపలికొచ్చారు. ఫైనల్‌లో పీఎస్‌జీ ఎల్‌జీడీ 2-1తో ముందుంది. నాలుగో గేమ్‌లో సెబ్ యాక్స్ అనే హీరోతో దూకి అవతలివాళ్ళని బిగించేశాడు, అక్కడ్నుంచి గేమ్ తిరిగింది. చివరికి 3-2.

డబ్బు ఊపు తేలేదు అని కూడా చెప్పాలి. 2021 ఇంటర్నేషనల్‌కి దాదాపు 4 కోట్ల డాలర్ల ప్రైజ్ మనీ. కోవిడ్ వల్ల హాల్లో జనం లేరు. ఖాళీ కుర్చీల ముందు అంత డబ్బు గెలుస్తుంటే నాకు అదోలా అనిపించింది.

రాత్రిపిట్ట
జనం మాట వచ్చింది కాబట్టి. సీఎస్‌లో ఇంకో సమస్య, జనానికి గోడల్లోంచి కనిపిస్తుంది, ఆటగాడికి కనపడదు. ఆటగాడు స్మోక్ (పొగ తెర) వైపు తుపాకీ తిప్పగానే హాలంతా ఊళ వేస్తే వాడికి తెలిసిపోదూ, అక్కడెవడో ఉన్నాడని? అందుకే చెవుల్లో ఇయర్‌ఫోన్లు, వాటి మీద హెడ్‌సెట్, అందులో హోరు శబ్దం. డోటా పెద్ద టోర్నీల్లో అయితే అద్దాల గదుల్లో కూర్చోబెట్టేవాళ్ళు. చూసేవాళ్ళ సరదా ఎక్కువైతే ఆట చెడుతుంది.

స్మోక్‌లోంచి
నిజమే. అయినా ఆ అరుపులు లేకపోతే 2018 బోస్టన్ సీఎస్ మేజర్ ఫైనల్ ఉండేది కాదు. మూడో మ్యాప్ ఇన్‌ఫెర్నో, ఫేజ్ 15-11, ఇంకొక్క రౌండ్ చాలు. క్లౌడ్9 నాలుగు రౌండ్లూ లాక్కుంది, ఓవర్‌టైమ్‌లో 22-19. నేను అప్పటికి ఎవరి వైపూ లేను. @చూసేవాడు_మాత్రమే, మీ లెక్క ప్రకారం నాకది మెరుపుల్లా ఉండాలి, ఉండలేదు. కథ లేకుండా కూడా పట్టేసే ఆటలుంటాయి.

అమ్మకిచెప్పకు
క్లౌడ్9 అంటే గుర్తొచ్చింది. ఓవర్‌వాచ్‌లో ఫైట్ గెలుస్తూ పాయింట్ మీంచి అందరూ దిగిపోయి మ్యాచ్ ఓడిపోవడాన్ని సి9 అంటాం కదా. 2017లో కొరియా అపెక్స్ టోర్నీలో ఆ టీమ్ ఒకే మ్యాచ్‌లో మళ్ళీ మళ్ళీ అదే చేసి ఆ పేరు తెచ్చింది. ఇది మాత్రం ఏమీ తెలీనివాడికి కూడా అర్థమవుతుంది, "ఒరేయ్ నిలబడండ్రా అక్కడ" అని అరుస్తాడు.

బంతిచాలు
అంత బాగుంటే లీగ్ 2023తో ఎందుకు మూతపడింది?

నిశి_ఎస్
చూడ్డానికి బాగోలేదని కాదు. ఊరికో టీమ్ అని 20 టీమ్‌లు, చేరడానికే కోట్ల డాలర్ల ఫీజులు. 2020లో సొంత ఊళ్ళలో మ్యాచ్‌లు మొదలెట్టగానే కోవిడ్. ఆ ఖర్చుకి సరిపడా రాబడి రాలేదు. ఆట పోలేదు, 2024 నుంచి ఛాంపియన్స్ సిరీస్ నడుస్తోంది.

బంతిచాలు
జనం ఎగబడి చూస్తుంటే రాబడి రాకుండా ఎలా ఉంటుంది? ఆ ముక్క కూడా చెప్పు.

నిశి_ఎస్
జనం సంఖ్య, ఆట అందం రెండూ ఒకటే అంటే ఇక నీతో మాట్లాడను.

మెయిన్_హీలర్
కొట్టుకోకండి. కోడిపుంజుకి పనికొచ్చేది చెప్తా. చూసేటప్పుడు మధ్యలో ఫైట్ చూడకు. ఆటగాళ్ళ పేర్ల దగ్గర అల్ట్ ఎంత శాతం నిండిందో ఉంటుంది. ఫైట్ మొదలయ్యే ముందు అక్కడ చూడు. ఎవరి దగ్గర నిండింది, దానికి అవతలివాళ్ళ దగ్గర విరుగుడు ఉందా? గ్రావిటన్ ఉంటే అటు టీమ్ మొత్తాన్ని నయం చేసే జెన్యాటా అల్ట్ ఉందా అని చూడు. ఇక అప్పుడు ఎవరు ముందు వాడతారో, ఎవరు దాచుకుంటారో అనేదే ఆట. ఇంకోటి, ఒక మ్యాచ్‌కి ఒక్క ఆటగాడినే పట్టుకో. నేను న్యూయార్క్ ఎక్సెల్సియర్ టీమ్ ఆటగాడు జోనాక్‌ని అలాగే చూసేదాన్ని. జెన్యాటా హీలర్ అని అందరూ అనుకుంటుంటే వాడు ఎదురెళ్ళి మనుషుల్ని కూల్చేవాడు, మొదటి సీజన్‌కి ఉత్తమ ఆటగాడు వాడే.

కోడిపుంజు77
నువ్వు చెప్పినట్టే ఇప్పుడు ఒక మ్యాప్ చూసొచ్చా. డీవానే పట్టుకుని కూర్చున్నా. గ్రావిటన్ మింగాడు! కామెంటేటర్ ఒక్క ముక్క అని వేరేదానికి వెళ్ళిపోయాడు, నేను మాత్రం కుర్చీలోంచి లేచా. మనిషి చావకుండానే నా గుండె కొట్టుకుంది.

కానీ స్మోక్‌లోంచి బ్రో మాట కూడా కొట్టేయలేను. ఇంత తయారీ లేకుండా సీఎస్ నన్ను కూర్చోబెట్టింది. చూసేవాడికి ఆట ఎదురెళ్ళాలి గానీ చూసేవాడు ఆటకి ఎదురెళ్ళడం ఎంతమంది చేస్తారు? కెమెరా, రీప్లే బాగుచేస్తే కొంత మారుతుంది, అంతా మారదని నా అభిప్రాయం.

నిశీ, నాకు గోట్స్ మీద కోపం పోలేదు. పోగొట్టే మ్యాచ్ ఒక్కటి చెప్పు, రేపు సెలవే.

నిశి_ఎస్
2019 మార్చి, స్టేజ్ 1 ఫైనల్. వాంకోవర్ టైటన్స్, శాన్‌ఫ్రాన్సిస్కో షాక్. రెండు టీమ్‌లూ గోట్స్‌లో ఆరితేరినవే. ఏడో మ్యాప్ దాకా వెళ్ళింది. రైన్‌హార్ట్‌లు ఇద్దర్నీ చూడు, డాలు ముందు ఎవరు దించుతారో.

ఎవరు గెలిచారో ఇక్కడ ఎవరూ రాయకండి, దయచేసి.

స్మోక్‌లోంచి
నేనూ చూస్తా. ఎల్లుండి ఇక్కడికే వచ్చి రాస్తా, నచ్చకపోతే నచ్చలేదనే రాస్తా.